బ్లూ లాంతర్ పియానో

నేను ఒక పియానోను. ఎవరినీ తొందరగా నమ్మే రకాన్ని కాదు. నా మూత ఎత్తిన ప్రతివాడూ మొదట మెత్తగా నవ్వుతాడు, ఆ తర్వాత పిడిగుద్దులు గుద్దుతాడు. అలాంటి బతుకులో నమ్మకం ఎక్కడి నుంచి వస్తుంది?

కలకత్తాలో ఒక షెడ్డులో నన్ను తయారుచేశారు. గడ్డి చుట్టి గూడ్సు బండిలో సికింద్రాబాద్ పంపితే, రైల్వే వాళ్ళ డాన్సు హాలులో దించారు. అక్కడ పెద్దమనుషులు నా నెత్తిన గ్లాసులు పెట్టుకుని వాల్జులు ఆడారు. ఆ మచ్చలు ఇంకా ఉన్నాయి. హాలు పాతబడ్డాక నన్ను బ్లూ లాంతర్ అనే రెస్టారెంటు కొనుక్కుంది. ఊళ్ళో అప్పుడు జాజ్ మోజు బాగా ముదిరింది. ఆదివారం పొద్దున పదకొండు గంటలకు జామ్ సెషన్ అంటే కాలేజీ కుర్రకారంతా ఒక్క కాఫీతో రెండు గంటలు కూర్చునేవాళ్ళు. రోడ్డుకు అటువైపు గోల్డెన్ ఫర్న్ అని ఇంకో రెస్టారెంటు, దానికీ ఒక బ్యాండు. రెండింటికీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది.

మా బ్యాండు మాస్టారు ఆన్సెల్మ్ ఫుర్టాడో, గోవా మనిషి. నన్ను వాయించేది ఆయనే. సొంతంగా ట్యూన్లు కట్టి, ఎవరి భాగం వాళ్ళకు తన చేత్తోనే రాసి ఇచ్చేవాడు. కాగితం మీద పేరు ఉండదు, నంబరే. వాయించడం అయ్యాక ఒక్కొక్కటీ లెక్కపెట్టి వెనక్కి తీసుకుని పెట్టెలో పెట్టి తాళం వేసేవాడు. ఇంత చేసినా, కొత్త ట్యూను ఇక్కడ ఆదివారం వినిపించకముందే ఎదురుగా శనివారం మోగేది. వెయిటర్లు పరుగున వచ్చి చెప్తుంటే మాస్టారి మొహంలో నెత్తురు చుక్క ఉండేది కాదు.

ఆయన అనుమానం ట్రంపెట్ వాయించే దేవదానం మీద పడింది. పడదూ మరి? లాలాగూడ కుర్రాడు, మెతక మనిషి. కానీ ఎదురు బ్యాండులో డ్రమ్స్ వాయించే ఆల్బర్ట్ వాడి సొంత బావమరిది. నిజం చెప్పొద్దూ, నేనూ వాణ్ణే అనుమానించాను. అంత ఒద్దికగా ఉండేవాళ్ళంటే నాకు మొదటి నుంచీ గిట్టదు.

మాస్టారు వల పన్నాడు. ఒక కొత్త ట్యూను కట్టి దేవదానానికి ఒక్కడికే ఇచ్చాడు, ఇంట్లో సాధన చేసుకోమన్నాడు. శుక్రవారం మధ్యాహ్నం తలుపులు మూసి నాతో కలిపి రెండుసార్లు వాయించారు. హాల్లో ఇంకెవరూ లేరు. మొదలియార్ ఉన్నాడు గానీ, ఆయన పియానోలు శ్రుతి చేసే ట్యూనరు. సంచీ ఒళ్ళో పెట్టుకుని తన వంతు కోసం మూలన కూర్చున్నాడు. ఆయన్ని మనిషిలా లెక్కపెట్టాలని ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు. నా తీగలను అంత మెత్తగా ముట్టుకునేవాడు ఊళ్ళో ఇంకొకడు లేడు మరి.

మర్నాడే ఆ ట్యూను ఎదురుగా మోగింది.

మాస్టారు అరవలేదు. ట్రంపెట్ తీసుకుని వెళ్ళిపొమ్మన్నాడు, అంతే. దేవదానం నా పక్కనే నిలబడ్డాడు.

"నేనెవ్వరికీ ఇయ్యలే మాస్టారూ. ఇంట్ల వాయిస్తుంటే మా ఆల్బర్ట్ వచ్చి కూసుంటడు. వాడే ఇని పట్టుకపోయిండంటే, మళ్ళ వాణ్ణి నా గడప తొక్కనియ్య."

ఆ పూట నాకు మహా తృప్తిగా ఉంది. దొంగ దొరికాడనుకున్నాను.

నెల తిరక్కుండా మొదలియార్ వచ్చి నన్ను శ్రుతి చేశాడు. పని అయ్యాక, అలవాటు ప్రకారం, కుడిచేత్తో ఏదో ముక్క వాయించి చూసుకున్నాడు. నేను ఎన్నడూ వినని ట్యూను. అది ఎక్కడిదని మాస్టారు అడిగాడు. పొద్దున గోల్డెన్ ఫర్న్‌లో పియానో చూడబోతే వాళ్ళు ప్రాక్టీసు చేస్తున్నారనీ, చెవిలో ఉండిపోయిందనీ, శ్రుతి కుదిరిందో లేదో తెలియాలంటే ఏదో ఒకటి వాయించాలి కదా అనీ ఆయన అమాయకంగా చెప్పాడు. ఇక్కడ విన్నది అక్కడ, అక్కడ విన్నది ఇక్కడ. పాపం, ఇన్నేళ్ళూ చేసిన పని ఆయనకే తెలియదు.

నేను సిగ్గుతో చచ్చిపోయాను. మాస్టారు దేవదానానికి కబురు పెడతాడనుకున్నాను. పెట్టలేదు. ఇకనుంచి నెలకోసారి కాదు, ప్రతి గురువారం రమ్మని మొదలియార్‌తో చెప్పాడు. ఆయన వచ్చినప్పుడల్లా పక్కన కుర్చీ వేసుకుని, కాగితం పెన్సిలు పట్టుకుని వినేవాడు.

తర్వాత రికార్డు డాన్సులు వచ్చాయి, బ్లూ లాంతర్ బట్టల కొట్టయింది, మాస్టారు గోవా వెళ్ళి అక్కడే పోయాడు. నేను చాలాకాలం ఒక గోడౌనులో ఎలుకలతో కాపురం చేశాను. ఇప్పుడు వకుళ అనే అమ్మాయి ఊళ్ళోని పాత సంగీత హోటళ్ళ గుర్తుగా చిన్న మ్యూజియం పెట్టి, నన్ను మధ్యలో నిలబెట్టింది. రోజూ దుమ్ము తుడుస్తుంది. ఎందుకంత ప్రేమో ఇంకా కనిపెడుతూనే ఉన్నాను.

మొన్న ఒక ముసలాయన కర్ర పట్టుకుని వచ్చాడు. గొంతు విన్నాక గానీ దేవదానమని పోల్చుకోలేకపోయాను. వకుళ హుషారుగా తను సేకరించిన కబుర్లన్నీ చెప్పింది. మాస్టారు ఎంత గడుసువాడంటే, రెండుచోట్లా తిరిగే ట్యూనరు చేతిలో పలికిన ట్యూన్లన్నీ రాసుకునేవాడట, ఆ నోటుబుక్కు ఇదేనట. మొదటి పేజీలో తారీఖు చూసి ముసలాయన నా స్టూలు మీద కూలబడ్డాడు. ఆయన్ని వెళ్ళగొట్టిన నెలే అది.

ఎదురు గోడకు ఒక జత డ్రమ్ము పుల్లలు వేలాడుతున్నాయి. అవి ఆల్బర్ట్ గారు కలకత్తా నుంచి పంపారనీ, అప్పట్లోనే ఊరు విడిచి వెళ్ళిపోయారట అనీ వకుళ అంది. ఆయన నంబరుందా అని అడిగాడు దేవదానం. ఆ అమ్మాయి తన ఫోన్లోనే కలిపి, స్పీకరు పెట్టి నా మూత మీద ఉంచింది.

"ఒరే ఆల్బర్ట్, నేను, బావను. నువ్వు కాదురా. యాభై ఏండ్లు నువ్వే అనుకున్న. నువ్వు కాదు."

అటువైపు నుంచి ఒక ముసలి గొంతు, నెమ్మదిగా, "అక్క ఎట్లుంది బావా?" అని అడిగింది.

ఆమె పోయి ఆరేళ్ళయిందని ఇందాక వకుళతో చెప్పిన దేవదానం, ఫోన్లో మాత్రం ముందు ఇంటికి రమ్మన్నాడు.