అడ్రస్ చెప్పే సర్వర్

కల్పలతకు ఇంటర్నెట్ పేరెత్తితేనే విసుగొస్తోంది. ఆఫీసు బేగంపేటలో, పని మాత్రం చిలకలగూడలో ఇంటి నుంచే. తుంటి ఎముక విరిగిన అత్తగారు అనసూయమ్మను చూసుకోవాలని బతిమాలి తెచ్చుకున్న వెసులుబాటు అది. ఈ నెలలో ఇప్పటికే రెండుసార్లు లాగిన్ ఆలస్యమైంది. మూడోసారి కూడా అయితే రోజూ ఆఫీసుకే రమ్మన్నారు.

"స్పీడ్ ఫుల్లున్నది కదక్కా, ఇంకేం తక్లీఫ్?" అంటాడు ఇంటికి నెట్టూ టీవీ రెండూ ఇచ్చే కేబుల్ అతను పర్వతాలు, వచ్చినప్పుడల్లా రౌటర్ ఆపి మళ్లీ వేసి. అతనికి తెలిసిన వైద్యం అదొక్కటే. స్పీడుకేం, బోలెడుంది. కానీ ఏ పేజీ అడిగినా, దాని అడ్రస్ చెప్పాల్సిన డీఎన్ఎస్ సర్వర్ తాపీగా ఆలోచిస్తోంది. బండి ఎంత కొత్తదైతేనేం, మోండా మార్కెట్ సందుల్లో దారి చెప్పేవాడు చాయ్ తాగడం అయ్యాక గానీ నోరు విప్పకపోతే?

ఆదివారం పొద్దున్నే కూర్చుని నాలుగు సర్వర్లను పరీక్షించింది. అన్నిటికన్నా త్వరగా జవాబిచ్చినదాన్ని ఎంచుకుంది. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఏదీ మార్చనివ్వరు కాబట్టి, ఆ సర్వర్ నంబర్లు ఇల్లంతటికీ కలిపి రౌటర్‌లోనే ఎక్కించింది. పేజీలు టక్కున తెరుచుకున్నాయి. అత్తగారి గదిలో టీవీ ఆగిపోయింది.

"మా టీవీ డబ్బా మా సర్వర్‌నే అడుగుతదక్కా. వేరేది పెడితే చానళ్లు రావు," అన్నాడు పర్వతాలు ఫోన్లో. "రెండిట్ల ఏదన్న ఒక్కటే."

"పాతదే పెట్టేయాల్నా అత్తమ్మా?" అని నీరసంగా అడిగింది కల్పలత.

"వద్దు బిడ్డా. నువ్వు ఇంట్ల ఉండుడే కావాలె నాకు."

సోమవారం లాగిన్ టైముకే అయింది. గంట గడవకముందే అనసూయమ్మ వాకర్ పట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చి, కోడలి బల్ల పక్కన కుర్చీలో కూలబడింది.

"ఏమన్న కావాల్నా అత్తమ్మా?"

"ఏం వద్దు. నీ పని నువ్వు చేసుకో. టీవీ లేకపోతే ఇంట్ల ఎవ్వరు లేనట్టే ఉన్నది."

కల్పలత చేతులు కీబోర్డు మీదే ఆగిపోయాయి. ఆర్నెల్లుగా అత్తను తనే చూసుకుంటున్నాననుకుంది. తోడుండే పని మాత్రం ఇన్నాళ్లూ టీవీ చేసింది. సిగ్గుతో, అలసటతో ఆమెకు ఏడుపొచ్చింది. కళ్లు తుడుచుకునేలోపే తెర మీద తర్వాతి పేజీ తెరుచుకుంది.