నీలం పొగ

ఆ శనివారం పొద్దున మా కారు మెకానిక్ షెడ్డులోకి తిరిగేసరికి వెనక వీధి కనబడకుండా పోయింది. అంతా నీలం పొగ. ఎదురు బల్ల మీద టీ తాగుతున్న ఇద్దరు గ్లాసుల మీద అరచేతులు మూతపెట్టుకున్నారు. వెనక సీట్లో ఉన్న మా బావమరిది కిటికీ అద్దం గబగబా ఎక్కించి, "ఇది కారు కాదు బావా, దోమల మందు కొట్టే బండి," అన్నాడు.

మామూలుగా అయితే నవ్వేవాణ్ణే. స్టీరింగ్ పట్టుకున్న మా అమ్మాయి మొహం చూసి ఊరుకున్నాను.

అమ్మాయి పశువుల డాక్టరు. రెండేళ్లుగా ఊళ్లోని ఆసుపత్రిలో కుక్కలకీ పిల్లులకీ సూదులు వేస్తోంది గానీ, మనసంతా ఆవుల మీదే. చిన్నప్పటి నుంచీ దానికి తనకన్నా పెద్ద జంతువులంటేనే ఇష్టం. ఇన్నాళ్లకి ఊరి బయట పాడి రైతుల సంఘంలో పని దొరికింది. పొలాల మధ్య ఒక కొట్టం నుంచి ఇంకో కొట్టానికి తిరుగుతూ చూసే పని. సోమవారం చేరాలి. సొంత బండి ఉండితీరాలని ముందే చెప్పారు. కొత్తది కొనే స్థితి మాకు ఇప్పట్లో లేదు. ఈ కారు నడిస్తే ఆ పని అమ్మాయిది. నడవకపోతే తర్వాతి వరసలో ఎవరున్నారో వాళ్లది.

కారేమో మూడు లక్షల కిలోమీటర్లు దాటేసింది. అందులో ఎక్కువ భాగం నడిపింది నా భార్య. నేను పక్కన కూర్చుని పేపరు చదివే రకం. ఆమె పోయి ఏడాది దాటింది. అప్పటి నుంచి అమ్మాయి నడుపుతోంది. వారం రోజులుగా ఈ పొగ. దానికి తోడు ఎక్సలేటర్ తొక్కితే కారు బద్ధకంగా మూలుగుతోంది.

మా బావమరిదికి ఫ్రిజ్‌ల దుకాణం ఉంది. పదేళ్లు దాటిన ఏ వస్తువునైనా మార్చేయాలన్నది అతని సిద్ధాంతం. నీలం పొగ వచ్చిందంటే ఇంజన్‌లో ఆయిల్‌ని ఆపే రింగులు అరిగిపోయినట్టేననీ, ఈ వయసులో ఇంజన్ విప్పడం కన్నా పాత ఇనుము కింద తూయించేయడం మేలనీ దారి పొడుగునా చెబుతూనే ఉన్నాడు. అక్క కూతురి మీద ప్రేమ లేక కాదు. నడిరోడ్డు మీద ఆగిపోయే బండిలో పిల్లని ఒంటరిగా పంపడం అతనికి ఇష్టం లేదు.

మెకానిక్ మాకు పాతవాడే. పొగ చూసి అతని మొహమూ పాలిపోయింది.

"నీలం పొగంటే ఆయిల్ కాలుతున్నట్టే సార్. రింగులు పోయాయా లేదా అన్నది గేజి పెడితే తేలిపోతుంది. పోతే మాత్రం దీని మీద చెయ్యి వెయ్యను. మీరు బతిమాలినా వెయ్యను."

అమ్మాయి తలూపింది. "పెట్టండి. ఏదో ఒకటి తేలిపోనీ."

నాలుగు సిలిండర్లు. ఒక్కోదాని ప్లగ్ విప్పి, ఆ కన్నంలో ఒత్తిడి కొలిచే గేజి బిగిస్తాడు. అమ్మాయి లోపల కూర్చుని తాళం తిప్పుతుంది. రింగులు గట్టిగా ఉంటే గేజిలో ముల్లు పైకెగిరి అక్కడే నిలబడుతుంది. అరిగిపోతే సగం దాకా లేచి నీరసపడుతుంది. ఇంత సూటిగా ప్రశ్న అడిగి ఇంత సూటిగా జవాబు చెప్పే పరికరాన్ని నేను కాలేజీ ల్యాబ్‌లో కూడా చూడలేదు.

మొదటి సిలిండరు. ముల్లు ఒక్కో ఊపుకీ ఒక్కో మెట్టెక్కి, ఎక్కాల్సిన చోటికెక్కి నిలబడింది. నా గుండె కూడా దానితోపాటే ఎక్కింది. మొదటి పేపరు అందరూ బాగానే రాస్తారన్నాడు బావమరిది. రెండోదీ అంతే వచ్చింది. అతను ఈసారి కళ్లజోడు పెట్టుకుని ముందుకు వంగాడు. మూడో దాంట్లో ముల్లు కొంచెం ముందే ఆగింది. మెకానిక్ గేజి విప్పి, తుడిచి, మళ్లీ బిగించి, "ఇంకోసారి తిప్పమ్మా," అన్నాడు. తిప్పింది. ముల్లు మిగతా రెండింటి పక్కకి చేరింది. నాలుగో దానికి మేం ముగ్గురం ఒకరి భుజం మీద ఒకరు పడుతూ ఆ చిన్న అద్దంలోకి తొంగి చూశాం. అదీ నిలబడింది.

"ఎంతొచ్చింది నాన్నా?" లోపల్నుంచి అమ్మాయి గొంతు.

కిటికీ దగ్గరికెళ్లాను. రెండు బొటనవేళ్లూ పైకెత్తి చూపించాను.

మెకానిక్ మాత్రం బుర్ర గోక్కుంటున్నాడు. రింగులు భేషుగ్గా ఉన్నాయి, మరి కాలుతున్న ఆయిల్ ఎక్కణ్ణుంచి వస్తోంది? గాలి పీల్చే గొట్టం విప్పి చూస్తే లోపలంతా ఆయిల్ జిడ్డు. ఇది ఎలా సాధ్యమని తనలో తనే అనుకుంటూ కారు కిందకి దూరి, ఇంజన్ అడుగున బిరడా విప్పి బేసిన్ పెట్టాడు. బేసిన్ నిండింది. ధార ఆగలేదు. ఇంకో బేసిన్ ఇమ్మని కింద నుంచే కేకేశాడు. అది సగం దాటాక గానీ ధార సన్నబడలేదు.

అతను బయటికొచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"ఇందులో ఆయిల్ పోస్తున్నదెవరు?"

"నేను," అన్నాను.

"నేను," అంది అమ్మాయి.

ఒకేసారి అన్నాం. తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

జరిగింది ఇది. ఆయిల్ మట్టం చూసే పుల్ల ఎప్పుడో విరిగిపోయింది. దొరకని పుల్ల కోసం తిరగడమెందుకు, నెలకో గ్లాసు పొయ్యండి, సరిపోతుందని ఈ మెకానికే అప్పట్లో మా ఆవిడకి చెప్పాడు. ఆవిడ నెల మొదటి ఆదివారం స్టీలు గ్లాసుతో పోసేది. ఆవిడ పోయాక ఆ పని నేను తీసుకున్నాను. నేను వాళ్లమ్మ గ్లాసు పట్టుకుని బానెట్ దగ్గర నిలబడితే పిల్ల బెంగపడుతుందని, అది స్నానానికి వెళ్లినప్పుడు పోసేవాణ్ణి. అమ్మాయి కూడా సరిగ్గా ఆ ఆదివారమే, నేను సాయంత్రం నడకకి వెళ్లినప్పుడు, మందులు కొలిచే జాడీతో పోసేదట. నాన్నకి అమ్మ గుర్తొస్తుందని నా కంట పడనివ్వలేదట. నా డబ్బా చెప్పుల అర వెనక ఉంటే, దాని డబ్బా డిక్కీలో స్టెప్నీ కింద ఉంది. ఇంజన్‌లో కాలేదానికి రెట్టింపు పోస్తూ వచ్చాం. కడుపు నిండిపోయిన ఇంజన్ మింగలేక, గాలి గొట్టంలోకి కక్కుకుని, అదే తాగి, పొగ వదిలింది.

"ఒకే రోగికి ఇద్దరు డాక్టర్లు ఒకే మందు వేశారన్నమాట," అన్నాడు బావమరిది. తర్వాత అక్కణ్ణుంచి కదిలి, కాసేపు గోడ మీది టైర్ల వైపు తిరిగి నిలబడ్డాడు. ఇటు తిరిగేసరికి కళ్లజోడు తుడుచుకుంటున్నాడు.

అమ్మాయి మాత్రం నవ్వడం మొదలుపెట్టింది. ఏడాదిగా అది అలా పొట్ట పట్టుకుని నవ్వడం నేను చూడలేదు. నాకూ అంటుకుంది. మెకానిక్ మాతో నవ్వుతూనే గొట్టాలు కడిగాడు, కొత్త ప్లగ్‌లు వేశాడు, కొలిచి ఆయిల్ పోశాడు.

స్టార్ట్ చేస్తే మళ్లీ పొగ. ముందుకన్నా ఎక్కువ. సైలెన్సర్‌లో మిగిలిందంతా కాలిపోవాలి, ఇంజన్ ఆపొద్దు అన్నాడు మెకానిక్. అమ్మాయి ఎక్సలేటర్ మీద నుంచి కాలు తియ్యలేదు. నీలం పలచబడి బూడిద రంగైంది. బూడిద రంగు దారపు పోగైంది. తర్వాత వెనక వీధిలో ఎదురింటి మెట్లు, వాటి మీద ఆరేసిన పిల్లల బూట్లు స్పష్టంగా కనిపించాయి. బావమరిది తన తెల్ల రుమాలు సైలెన్సర్ దగ్గర పట్టుకుని చూసుకుని, మచ్చ కనిపించక మడిచి జేబులో పెట్టుకున్నాడు.

అప్పుడు మెకానిక్ దాచకుండా చెప్పాడు. క్లచ్ అరిగింది. ఎక్కువైన ఆయిల్ ఒత్తిడికి ఒక సీలు కారుతోంది. తలుపుల కింద తుప్పుంది, అది పోదు. నిండా మనుషులతో రైల్వే వంతెన ఎత్తు మూడో గేర్‌లో ఎక్కితే క్లచ్చూ సీలూ మార్చడం దండగ కాదు, రేపు సాయంత్రానికి ఇచ్చేస్తాను. ఎక్కకపోతే ఇంజన్ బాగున్నా ఆశ వదులుకోండి.

"ఎక్కు మావయ్యా," అంది అమ్మాయి. "నీ బరువు ఇవాళ పనికొస్తుంది."

మెకానిక్ ముందు కూర్చున్నాడు. నేనూ బావమరిదీ వెనక ఇరుక్కున్నాం. వంతెన మొదట్లో అమ్మాయి గేర్ మూడులో వేసి తొక్కింది. బావమరిది సీటు మీద మోకాళ్లేసుకుని వెనక అద్దంలోంచి పొగ కోసం చూస్తున్నాడు. లేదు, ఇంకా లేదు, ఇప్పుడూ లేదు అంటూ ఒక్కో దీపస్తంభానికీ సమాచారం ఇస్తున్నాడు. సగంలో ముందున్న లారీ మెల్లగైంది. ఇంజన్ గొంతు బరువెక్కింది. నా కాలు నా ముందు లేని ఎక్సలేటర్‌ని తొక్కేస్తోంది.

"తగ్గించకు తల్లీ, పక్క నుంచి పోనీ. కుడివైపు ఖాళీగా ఉంది," అన్నాడు బావమరిది, వెనక చూడటం మానేసి ముందు సీటు పట్టుకుని.

కారు మూలగలేదు. లారీ పక్కగా, దాని టైర్లని ఒక్కొక్కటే దాటుకుంటూ పైకెక్కింది. వంతెన నడినెత్తికి చేరాక రైలు పట్టాలు, వాటి అవతల పచ్చగా పొలాలు కనిపించాయి. మెకానిక్ డాష్‌బోర్డ్ మీద అరచెయ్యి ఆనించి, ఇంజన్ అదురు చూసుకుని, నా వైపు తిరిగాడు.

"చేద్దాం సార్."

సరే అన్నాను. బావమరిది నా మోకాలు మీద గట్టిగా చరిచాడు.

వంతెన దిగాక వెనక్కి తిప్పడానికి ఖాళీ స్థలముంది. అమ్మాయి తిప్పలేదు. ఎక్కడికని బావమరిది అడిగాడు. దుకాణం తెరవాలి, తాళాలు తన దగ్గరే ఉన్నాయన్నాడు.

"మొదటి కొట్టం పది నిమిషాలే మావయ్యా. దారి చూసొద్దాం. సోమవారం పొద్దున వెతుక్కుంటూ తిరగలేనుగా."

అతను తాళాల గుత్తి జేబులోంచి తీసి చూసి, మళ్లీ జేబులోనే వేసుకుని, కిటికీ అద్దం దించుకున్నాడు. గడ్డి వాసన లోపలికొచ్చింది. మెకానిక్ కూడా వెనక్కి పోదామని ఒక్కసారే అన్నాడు. తర్వాత, అరిగిన క్లచ్‌ని నొప్పి పెట్టకుండా ఎలా తొక్కాలో అమ్మాయికి చెప్పడం మొదలుపెట్టాడు.