ఆఖరి పేజీ మీద పేరు

పెన్ను మూత దగ్గర మొదలైంది గొడవ. నల్ల పెన్ను మూత లేకుండా టీవీ పక్కన ఎండిపోయిందని సంధ్యారాణి, ఇంట్లో పెన్ను వాడేది నువ్వొక్కదానివే కదా అని తండ్రి దశరథం. ఐదు రూపాయల పెన్నుకు ఇంత రాద్ధాంతమా అని తల్లి కళావతి ఇద్దరినీ కసిరింది. రాత్రంతా సాంచాల మీద, ఆ మరమగ్గాల మోతలో నిలబడి వచ్చినవాడు మంచం కిందికి దూరి మూత వెతుకుతుంటే ఆమెకు నవ్వూ వచ్చింది.

"మూత గా పోస్టాఫీసుల పడ్డదేమో," అన్నాడు దశరథం, దుమ్ము దులుపుకుంటూ లేచి.

"పోస్టాఫీసుల నీకు పెన్నెందుకు బాపూ?"

"నీ వ్యాసం ఆఖరి పేజీల పేరే రాయకపోతివి. నేనే రాసిన. దశరథం బిడ్డ సంధ్యారాణి, సిరిసిల్ల అని. పేరు లేని బట్ట తాను ఎవ్వని కుప్పల కలుస్తదో ఎరికేనా?"

సాంచ మీంచి దిగిన బట్టను మడిచే ముందు దాని కొసన తన పేరు రాయడం ముప్పై ఏళ్లుగా అతని అలవాటు. అతను తృప్తిగా వెళ్లి పడుకున్నాడు. తల్లీకూతుళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

తత్వశాస్త్రం ఎంఏ విద్యార్థులకు హైదరాబాదులో ఒక ట్రస్టు పెట్టిన వ్యాసాల పోటీ అది. గెలిచినవాళ్లకు మూడేళ్లు పరిశోధనకు నెలనెలా జీతం ఇస్తారు. సాంచాలు వారంలో సగం రోజులే నడుస్తున్న ఇంట్లో సంధ్య చదువు ముందుకు సాగడానికి వేరే దారి లేదు. నాలుగు నెలలు రాసింది. కాలేజీ ధ్రువపత్రం వచ్చేసరికి తనకు ఎంఏ ఆఖరి పరీక్షలుండటంతో, అదీ వ్యాసమూ కలిపి కవరులో పెట్టి పంపమని తండ్రికి చెప్పింది. కాగితాల మీద పేరు ఉండకూడదు, నంబరే ఉండాలన్నది మొదటి నియమం. ఆ మాట అతనికి చెప్పాలని ఎవరికీ తోచలేదు.

సంధ్య డాబా మీదికి పోయి ఫోన్ చేసింది. కళావతి తడిబట్టల బకెట్ పట్టుకుని వెనకే వెళ్లింది. అవతల ఎవరో మర్యాదగానే మాట్లాడారు. పేరు కనబడ్డ వ్యాసాలను కవర్లు విప్పిన రోజే పక్కన పెట్టేశారట. వచ్చే ఏడు పంపుదామంటే అప్పటికి ఈమె విద్యార్థి కాదు.

"చదవకుండనేనా మేడం?" అని సంధ్య రెండుసార్లు అడిగింది. తర్వాత థాంక్స్ చెప్పి పెట్టేసింది.

బాపుకు చెప్దామా అని కళావతి అడిగితే సంధ్య వద్దంది. తెలిస్తే ఆయన మళ్లీ పెన్ను ముట్టుకోడని చెప్పింది.

మధ్యాహ్నం దశరథం లేచి అన్నానికి కూర్చున్నాడు. ఆ పోటీ సంగతి ఎప్పుడు తెలుస్తుందని అడిగాడు. పేరూ ఊరూ రాసి ఉన్నాయి కనుక వెతుక్కుంటూ ఇంటికే వస్తారన్నాడు. కళావతి అతనికి అడక్కుండానే మరో గరిటె పప్పు వేసింది. సంధ్య అన్నం కలుపుతూ తలెత్తలేదు.

"సోమారం నుంచి నేను కోరుట్ల పోతున్న బాపూ. రాజలక్ష్మి చిన్నమ్మ చెప్పిన బట్టల దుకాణంల చేరుత. గా పోటీ గురించి ఇంక అడగకు."