కుంటకుండా నాలుగడుగులు

పొద్దుటి నుంచి ఇది మూడోసారి. అప్పలస్వామి గోరువెచ్చటి వేపనూనె అరచేతిలో పోసుకుని లఖన్ ముందుకాలి మోకాలికి మర్దన చేస్తున్నాడు. లఖన్ అన్నది ఈ ఎద్దును అమ్మిన బెల్తరా ఊరి రైతు పెట్టిన పేరు. ఆ ఎద్దూ అతనూ కలిసి పదమూడేళ్లుగా బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో చెత్తబండి లాగుతున్నారు. లాగేది ఎద్దు ఒక్కటే అయినా, అప్పలస్వామి మాత్రం అలాగే చెప్పుకుంటాడు.

పదింటికి ఎద్దుల్ని పరీక్షించడానికి పశువుల డాక్టరు వస్తాడు. నిండు బండి లాగిన ఎద్దు పనిలో ఉంటుంది, కుంటినది వేలానికి పోతుంది. ముసలి ఎద్దును వేలంలో ఎవరు పాడుకుంటారో, ఎందుకో కాలనీలో అందరికీ తెలుసు.

"వచ్చే యేడు నాను దిగిపోతే పింఛనిత్తారు. మరి దీనికేటిత్తారు? ఇదీ డూటీ సేసిందే కదా!"

భార్య అప్పయమ్మ కుడితి బాల్చీ దించింది. "అచ్ఛా. ఇంత నొప్పితో బండి లాగుతావా అని దాన్నడిగినావేటి?"

"లాక్కపోతే సంపేత్తారే!"

"అడిగినావా అంతన్నాను."

అతనికి ఒళ్లు మండింది. ఎద్దును అడుగుతారా ఎవరైనా! కానీ ఆ మాట చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది.

ఎద్దుల షెడ్డు ముందు డాక్టరు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నిండు బండితో లఖన్ నాలుగడుగులు వేసి ఆగిపోయింది. మోకాలు వణుకుతోంది. వేలానికని రాయడానికి డాక్టరు కలం తీశాడు. అప్పలస్వామి పదమూడేళ్లలో ఎన్నడూ పట్టని కర్ర పట్టాడు. ఒకటి, రెండు, మూడు దెబ్బలు. లఖన్ మెడ తిప్పి అతన్ని చూసింది. తర్వాత కుంటకుండా గేటు దాకా వెళ్లి తిరిగొచ్చింది.

"ఠీక్ హై, చలేగా," అని, ఇంకా పనికొస్తుందని డాక్టరు సంతకం గీకేశాడు.

అప్పలస్వామి గెలిచాడు. ఆ చూపు మాత్రం అతన్ని వదలడం లేదు, సిగ్గుతో చచ్చిపోతున్నాడు. కాడి విప్పగానే లఖన్ కూలబడింది. కుడితి ముట్టలేదు. "తప్పయిపోనాది నాయినా," అంటూ గంగడోలు నిమురుతూ పక్కనే కూర్చున్నాడు. దాని ప్రాణం కోసమే కొట్టాడా, తను దిగిపోయేదాకా తన బండి ఆగకూడదని కొట్టాడా? ఎంత ఆలోచించినా తేలలేదు. మధ్యాహ్నం బొగ్గింజను కూత పెట్టి వెళ్లేసరికి అతని చేతికింద లఖన్ ఊపిరి ఆగిపోయింది.

కొమ్ముకు కట్టాల్సిన కొత్త రేకుబిళ్ల పట్టుకుని గుమాస్తా నాగేంద్ర వచ్చాడు. చూశాడు. బిళ్లను గడ్డి మీద పెట్టి వెళ్లిపోయాడు. మరో రెండేళ్లు పనికొస్తుందని ఆ బిళ్ల మీద తెల్లరంగుతో రాసి ఉంది, రంగు ఇంకా ఆరలేదు.