దడిలో వదిలిన దారి

డుంబ్రిగుడ కాఫీ రైతుల సంఘం ఆఫీసులో లెక్కలు ఎక్కించే రాజకుమారికి ఒకటే పంతం పట్టుకుంది. కంప్యూటర్‌ని గో ఆటలో ఒక్కసారైనా గెలవాలి. ఎవరో పత్రికతోపాటు ఉచితంగా వచ్చిన సీడీ ఇస్తే, ఆ ఆట అందులో దొరికింది. గళ్ల మీద నల్లరాళ్లు ఒకరివి, తెల్లరాళ్లు ఒకరివి. రాళ్లతో దడి కట్టి, ఎవరు ఎక్కువ నేల చుట్టేస్తే వాళ్లది గెలుపు. ఇంత చిన్న ఆటలో రోజూ చిత్తుగా ఓడిపోతోంది.

సంతకొచ్చిన అవ్వ సోములమ్మ, మనవరాలు రాజకుమారి వెనక నిలబడి తెర కేసి చూసింది.

"అందులో ఎవులున్నారే గుంటా?"

"ఎవులూ లేరవ్వా. మిషనే ఆడతాది."

"నువ్వు దడిలో దారి ఒదిలీసినావు. అది దూరిపోతంది."

రాజకుమారి నాలిక కరుచుకుంది. చోడిచేనుకి, అంటే రాగిచేనుకి, దడి కట్టినప్పుడు పక్కవాళ్లు నడవడానికి దారి వదలడం వాళ్ల ఊరి పద్ధతి. చెయ్యి అలవాటుగా ఇక్కడా వదిలేస్తోంది! మరి దూరాలని దానికెలా తెలుసు? తెలుసుకోకపోతే ఆమెకు అన్నం సయించేలా లేదు.

ఆ ఆట ప్రోగ్రాం లోపల ఏం రాసి ఉందో ఎవరైనా విప్పి చూడొచ్చు, మార్చుకోవచ్చు కూడా. విప్పితే ఖాళీలకి చుక్కలు, రాళ్లకి 'ఎక్స్', 'ఓ' అక్షరాలు పెట్టి గీసిన బొమ్మలు! ఫలానా చోట దూరు, ఫలానా చోట మూసెయ్ అని ఉన్నాయి. మూయమనే బొమ్మలు తీసేసి, ప్రోగ్రాం మళ్లీ తయారుచేసుకుని ఆడింది.

మరుసటి సంతకి, ఆఫీసుకొస్తున్న అవ్వకి గుమ్మం దాకా ఎదురెళ్లింది.

"గెలిసీసినానవ్వా! దారి ఒదిలింది, దూరిపోయినాను."

"ఒదలమని ఎవులు సెప్పినారు దానికి?"

"నానే."

"సెప్పినమాట అది ఇన్నాది. దారి ఒదిలినోలి సేను మేపీసి, గెలిసినానంటావేటే?"

రాజకుమారికి తల కొట్టేసినట్టయింది. నిజంగా సిగ్గుపడింది. గబగబా కుర్చీలో కూర్చుని, 'దూరు' అనే బొమ్మలు కూడా తీసేసి ప్రోగ్రాం మళ్లీ తయారుచేసింది. అవ్వకి స్టూలు లాగింది.

"ఇప్పుడు అదీ దూరదు, నానూ దూరను."

"మరెవులు గెలుత్తారే?"

"నాకూ తెల్దవ్వా," అంటూ మొదటి రాయి పెట్టింది.