షాంపూ పోసిన గొర్రెపిల్లలు

గొర్రెపిల్లకు తలంటు పోసిన మగాణ్ణి ఉదయగిరి సీమలో అంతకు ముందు ఎవరూ చూసి ఉండరు. రమణి చూసింది. అదీ ఆలస్యంగా, పోయాల్సిన నీళ్లన్నీ పోసేశాక.

ఆ మగాడు ఆమె మరిది మోహన్‌కృష్ణ. ఆత్మకూరులో ఒక సెల్‌ఫోన్ల కొట్లో పని చేస్తాడు. కొట్లో అద్దాలు తుడిచే దానికన్నా ఫోన్లో తన మొహం చూసుకునేదే ఎక్కువ. 'మన మంద మోహన్' అని ఒక పేజీ పెట్టుకున్నాడు. సెలవు దొరికితే చాలు ఊరికొచ్చి, భుజాన గొంగడి వేసుకుని, కర్ర పట్టుకుని, గొర్రెల ముందు నిలబడి వీడియోలు తీసుకుంటాడు. ఆ గొంగడి వాళ్ల నాయన ఓబులయ్యది. కర్ర అన్న శ్రీకృష్ణది. మంద ఇంటిల్లిపాదిదీ. మొహం మాత్రం వాడిది. మంద వెంబడి ఒక్క పూటైనా ఎండలో తిరిగి ఎరగడు గానీ, ఆ పేజీ చూసేవాళ్లకు కాపరి అంటే వాడే. దుత్తలూరు సంతలో ఎవరో రమణిని పట్టుకుని, "మోహన్ వాళ్ల వదినవి గదా నువ్వు?" అని అడిగినప్పుడే ఆమెకు ఒళ్లు మండింది. అయినా ఊరుకుంది. వాడి పిచ్చి వాడిది, గొర్రెలకేం నష్టం అనుకుంది. గొర్రెలకు నష్టం రావడానికి ఎంతో కాలం పట్టలేదు.

కోతలయ్యాక రమణి మామ ఓబులయ్యా, మొగుడు శ్రీకృష్ణా పెద్దమందను తోలుకుని సంగం వైపు పోయారు. కాలవ కింద కోసిన మళ్లల్లో మేత దొరుకుతుంది, ఎరువు కోసం పొలంలో మంద కట్టినందుకు రైతులు నాలుగు గింజలు ఇస్తారు. ఏటా పోయేదే. ఈనే గొర్రెలూ, ఈనిన గొర్రెలూ అంత దూరం నడవలేవు గనక ఇంటి దగ్గర ఉంటాయి. వాటి బాధ్యత రమణిది.

వాటిలో ఒక జోడిపి గొర్రె ఉంది. ఒళ్లంతా తెలుపు, కళ్ల చుట్టూ కాటుక పెట్టినట్టు నలుపు. పెళ్లప్పుడు రమణి తల్లి దేవకమ్మ అరణంగా ఇచ్చిన గొర్రెల్లో మిగిలింది అదొక్కటే. దేవకమ్మ పోయిన ఏడు చనిపోయింది. గొర్రెకు పళ్లు ఊడిపోతున్నాయి, ఇదే ఆఖరి ఈత అని చూస్తే తెలిసిపోతుంది. ఏటా పొట్టేలు పిల్లనే వేసేది, ఏటా ఆ పిల్ల కోతకు పోయేది. ఈసారి ఆడపిల్లను వేసింది. తల్లికి లాగే కళ్ల చుట్టూ నలుపు. అది పుట్టిన పొద్దు రమణి దొడ్డిలోనే కూర్చుని కాసేపు ఏడ్చింది. అమ్మ ఇచ్చిన గొర్రెల సంతు తన దొడ్డిలో ఉంటుందా, దీంతో అంతరిస్తుందా అన్నది ఆ పిల్ల మీద ఉంది. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. మోహన్‌కృష్ణకూ తెలుసు.

కొత్త పిల్లలు తల్లుల వెంట కొండకు పోలేవు. పగలంతా ఇంటి దగ్గర పెద్ద గంప కింద ఉంటాయి. సాయంత్రం తల్లులు దొడ్లోకి వచ్చాక గంప ఎత్తుతారు. అన్నీ ఒక్కసారిగా అరుస్తాయి, కలగాపులగంగా పరుగెత్తుతాయి. తల్లి పిల్ల తోక దగ్గర వాసన చూస్తుంది. తనదైతే నిలబడి పాలిస్తుంది, కాకపోతే తలతో కుమ్ముతుంది. పిల్ల పుట్టిన మొదటి వారంలో తల్లికి ఆ వాసన తప్ప వేరే గుర్తు లేదు. అందుకే ఆ రోజుల్లో పిల్లల్ని ఊరికే ముట్టుకోరు. రమణి అయితే మొహానికి పౌడరు కూడా రాసుకోదు. గొర్రెలు కాచే ఇంట్లో ఇది నడక వచ్చిన పిల్లకాయలకు కూడా తెలిసిన సంగతి.

జోడిపి పిల్ల పుట్టిన నాలుగో రోజు, పొద్దు గూకే వేళకు రమణి గొర్రెల్ని తోలుకుని వచ్చేసరికి దొడ్డి గోడ మీద ఫోను నిలబెట్టి ఉంది. మోహన్‌కృష్ణ గొంగడి వేసుకుని తయారుగా ఉన్నాడు. అత్త రామలక్ష్మమ్మ అరుగు మీద కూర్చుని నవ్వుతోంది.

"వదినా, గొర్రెల్ని లోపలికి తోలి నువ్వు పక్కకు పో. ఫ్రేములో రావద్దు" అన్నాడు వాడు. "తల్లీపిల్లలు కలిసేది తీస్తా ఉండా. స్లో మోషన్‌లో."

వాడు గంప ఎత్తాడు. పిల్లలు బయటికి దూకాయి. ఒక్కోటీ మల్లెపువ్వులా తెల్లగా ఉంది. మెడకు ఒక్కోదానికి ఒక్కో రంగు రిబ్బను. దొడ్డంతా షాంపూ వాసన గుప్పుమంది.

రమణి అడ్డం పరుగెత్తింది. అప్పటికే తల్లులు ముందుకొచ్చాయి. వాసన చూశాయి. వెనక్కి తగ్గాయి. ముదురు పిల్లల తల్లులు కాసేపు తికమక పడి, గొంతు గుర్తుపట్టి నిలబడ్డాయి. జోడిపి మాత్రం తన పిల్లను ఒకసారి చూసింది, రెండోసారి చూసింది, తల వంచి కుమ్మి అవతల పారేసింది. పిల్ల లేచి మళ్లీ వచ్చింది. మళ్లీ కుమ్మింది.

"ఎవురు పోసినారు నీళ్లు?" రమణి గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

"నేనే వదినా. మురికిగా ఉండాయి గదా, వీడియోలో బాగుండవని. బేబీ షాంపూనే, ఏం గాదు."

"గొర్రెల ఇంట్లో పుట్టినావు గదరా. వాసన పోతే తల్లి రానీదని నీకు తెలీదా?"

"తెలుసు. ఒక్కరోజుకు ఏమయితాదిలే అనుకున్నా."

తెలీక చేసి ఉంటే రమణి ఒక తిట్టు తిట్టి వదిలేసేది. వాడు తెలిసే చేశాడు. ఇక నీళ్లు కాచి ఇచ్చింది ఎవరంటే, పుట్టినప్పటి నుంచీ గొర్రెల మధ్య తిరిగిన రామలక్ష్మమ్మ. కొడుకు అడిగాడని పొయ్యి ముట్టించింది. "వాడు సరదా పడినాడులే అమ్మే" అంటోంది ఇప్పుడు అరుగు మీద నుంచి, బిడ్డ మిఠాయి తిన్నాడని చెప్పినట్టు.

ఇంకా దారి లేకపోలేదు. గొర్రెను కదలకుండా పట్టుకుని, దాని పాలే పిండి పిల్ల వీపుకూ తోకకూ రుద్ది, కొంచెం ఉప్పు చల్లితే తల్లి నాకుతుంది. ఒకసారి నాకిందంటే మళ్లీ తన బిడ్డే. దానికి ఇద్దరు కావాలి. ఒకరు గొర్రెను పట్టుకోవాలి, ఒకరు పిల్లను చూడాలి. అత్తకు నడుం వంగదు. మగాళ్లిద్దరూ సంగంలో ఉన్నారు.

"రా, దీని మెడ పట్టుకో. రెండు చేతులా పట్టుకో" అంది రమణి.

వాడు వచ్చాడు. పట్టుకున్నాడు కూడా, అబద్ధం చెప్పకూడదు. రమణి పిల్ల ఒంటికి పాలు రుద్దింది. చలికి అది వణుకుతోంది. ఉప్పు చల్లి తల్లి మూతి దగ్గర పెట్టింది. జోడిపి ముక్కు ఎగబీల్చింది. నాలుక బయటపెట్టింది. ఒక్కసారి నాకింది.

గోడ మీద ఫోను జారింది.

మోహన్‌కృష్ణ రెండు చేతులూ వదిలేసి ఫోను కోసం దూకాడు. కింద పడకుండా పట్టుకున్నాడు. మెడ మీద పట్టు పోగానే గొర్రె బెదిరి, ఎదురుగా ఉన్నదాన్ని ఉన్న బలమంతా పెట్టి కుమ్మింది. పిల్ల రాతి గోడకు తగిలింది. చిన్న చప్పుడు అయింది.

"హమ్మయ్య, పగల్లేదు" అన్నాడు మోహన్‌కృష్ణ, ఫోను తిప్పి చూసుకుంటూ.

రమణి ఆ మాట జన్మలో మరిచిపోదు. చెయ్యెత్తి కొడదామన్నంత కోపం వచ్చింది. కొట్టడానికి తీరిక లేదు. పిల్ల డొక్కలు ఎగరేస్తోంది. దాన్ని పొట్టకు హత్తుకుని పొయ్యి దగ్గరికి పరుగెత్తింది. వేలితో పాలు నాకించింది, పాత చీర చుట్టింది, ఎన్ని తెలిస్తే అన్నీ చేసింది. తెల్లవారేసరికి అది చచ్చిపోయింది.

పొద్దున్నే మందను విప్పాలి. మిగతా గొర్రెల కడుపులు ఆగవు. రమణి పిల్లను గుడ్డలో చుట్టి మరిది చేతికిచ్చింది. "కంచె అవతల గుంత తీసి పూడ్చు. ఇదొక్కటైనా సక్రమంగా చెయ్" అని చెప్పి కొండకు పోయింది. జోడిపి రాలేదు. పాలు నిండిన పొదుగుతో దొడ్లోనే నిలబడి అరుస్తోంది. ఇప్పుడు దానికి పిల్ల కావాల్సి వచ్చింది.

మధ్యాహ్నం కొండ మీద రమణి తమ్ముడి ఫోను వచ్చింది. వరికుంటపాడులో ఉంటాడు. "ఏందక్కా, మీ మరిది గొర్రెపిల్ల కోసం అంత ఏడస్తా ఉండాడు? చూసి మా వాళ్లకు కూడా కళ్లల్లో నీళ్లు తిరిగినాయి" అన్నాడు.

"ఏడస్తా ఉండాడా? యాడ?"

"లైవులో. ఇప్పుడే. పిల్లను ఒళ్లో పెట్టుకోనుండాడు."

ఒళ్లో. అంటే పూడ్చలేదు. పొద్దుటి నుంచీ ఆ పిల్లను లైవు కోసం ఇంట్లో దాచి పెట్టుకున్నాడు. రమణి గొర్రెల్ని పక్క కాపరి చెంగయ్యకు అప్పజెప్పి దిగింది. రాళ్లలో చెప్పు తెగితే వదిలేసి వచ్చింది. దారి పొడుగునా ఆమె మనసులో ఉన్నది ఒకటే. చెప్పాలి. చూసేవాళ్లందరికీ వాడి బండారం చెప్పాలి. ఎవరి మొహం చూసి కన్నీళ్లు పెడుతున్నారో వాళ్లకు తెలియాలి.

మోహన్‌కృష్ణ దొడ్డి ముందు నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్లో పిల్ల, మెడకు కొత్త రిబ్బను. పిల్లకు బుజ్జమ్మ అని పేరు కూడా పెట్టాడు. బతికి ఉన్నప్పుడు దానికి పేరు లేదు. "రాత్రంతా కళ్లల్లో వొత్తులేసుకోని కాపాడుకోవాలని చూసినా ఫ్రెండ్స్. నా వల్ల కాలా" అంటున్నాడు. రాత్రంతా వాడు గురక పెట్టి నిద్రపోయిన సంగతి గోడకు అవతల ఉన్న రమణికి తెలుసు.

ఆమె పోయి ఫోను ముందు నిలబడింది.

"అబద్ధాలు. దీనికి షాంపూ పోసింది వీడే. పోస్తే తల్లి చేరనీదని తెలిసే పోసినాడు. గొర్రెను పట్టుకోమంటే వదిలేసినాడు. ఫోను కింద పడతా ఉండాదని వదిలేసినాడు. ఇది గోడకు కొట్టుకోని డొక్కలు విరిగి చచ్చింది. ఫోను పగల్లేదని సంతోషపడినాడు. పూడ్చమని ఇస్తే మీకు చూపించేదానికి దాచి పెట్టినాడు. మా అమ్మ ఇచ్చిన గొర్రెకు పుట్టిన ఆడపిల్ల ఇది. మీరు ఏడవాల్సింది వీడి కోసం కాదు."

ఒక్క గుక్కలో చెప్పి ఆగింది. మోహన్‌కృష్ణ మొహం మాడిపోతుందనుకుంది. వాడు ఆమె వంక చూడడం లేదు. ఫోను వంక చూస్తున్నాడు. తెర మీద ఎర్ర గుండెకాయలు బిలబిలమని పైకి లేస్తున్నాయి. వాటి పక్కన రాతలు. వదిన సూపర్. వదిన ఫైర్. వదినతో సపరేట్ వీడియో పెట్టు బ్రో. మా ఊర్లో కూడా ఇట్టాంటి వదిన ఉంటే బాగుండు. పిల్ల ఎట్లా చచ్చిందిరా అని అడిగినవాడు ఒక్కడూ కనిపించలేదు.

వాడు లైవు ఆపేశాడు. తలెత్తాడు. సిగ్గు లేదు, భయం లేదు. పండగ నాడు కొత్త చొక్కా తొడుక్కున్నట్టు వెలిగిపోతోంది మొహం.

"వదినా, నేను పెట్టిన వాటిల్లో దేనికీ ఇంతమంది రాలా. మొదట్లో నువ్వు చెప్పింది గాలికి సరిగ్గా వినపడలా. ఇంకోసారి చెప్పు. ఇదే కోపంతో చెప్పు. ఇటు పక్క నిలబడు, ఎలుతురు బాగుండాది."

రామలక్ష్మమ్మ గడపలో నుంచి అంది, "చెప్పరాదా అమ్మే. నిమిషం పని. వాడు అడగతా ఉండాడు గదా."

రమణి నోటిదాకా వచ్చాయి మాటలు. కొండ దిగేటప్పుడు కూడబెట్టుకున్న వాటికన్నా పదునైనవి. అత్తకు కొన్ని, మరిదికి కొన్ని. వాడి బొటనవేలు అప్పటికే తెర మీద ఎర్ర చుక్క దగ్గరకు పోయింది. అది చూసి ఆమెకు అర్థమైంది. తిట్టు కూడా వాడికి మేతే. ఎంత తిడితే అంత మేస్తాడు.

ఆమె పిల్లను వాడి ఒళ్లో నుంచి తీసుకుంది. మెడలో రిబ్బను విప్పి వాడి మోకాలి మీద వేసింది. పార తీసుకుని కంచె దాటింది.

"వదినా, ఒక్క మాట. ఒక్కటే" అంటూ వాడు వెనకే వస్తున్నాడు. ఫోను పైకెత్తే ఉంది. ఆమె గుంత తీయడం మొదలుపెట్టింది. కోపం తగ్గలేదు. అది ఒళ్లంతా ఉంది, చేతుల్లో ఉంది, పార నేలకు దిగే ప్రతి దెబ్బలోనూ ఉంది. అమ్మ ఇచ్చిన సంతు పోయింది. ఈ కోపమైనా తన దగ్గరే ఉండాలి, వీడికి ఇవ్వకూడదు అనుకుంది. పళ్లు బిగబట్టి, మొహం కొండ వైపుకు తిప్పుకుని తవ్వుతూనే ఉంది.