మంచం కింద సోలార్ ప్లేటు

తుఫాను హెచ్చరిక ఏడో నంబరుకు పెంచారని మైకులో చెప్పిన రోజే ఇంటి రేకుల మీది సోలార్ ప్లేటు విప్పించి, బొంతలో చుట్టి, మంచం కిందకు తోయించాను. చూసినవాళ్ళు నవ్వారు. ఈ హస్నా బేగానికి ప్రతిదానికీ భయమేనని మేఘ్నా నది మధ్యనున్న మా లంకలో అందరూ ఎరుగుదురు.

నా కొడుకు తౌహిద్ అప్పటికే సముద్రంలో ఉన్నాడు. పంతొమ్మిదేళ్ళు. ఇలిశ చేపల వేటకు పడవ ఎక్కడం అదే మొదలు. పడవ నడిపేది పక్కింటి జొరినా భర్త మోనాఫ్. అతను ఉన్నాడు కదా అని ఒప్పుకున్నాను.

మేం తుఫాను షెల్టర్‌కు పోతూ ఇంట్లో దీపం వెలుగుతూనే ఉంచాం. పిల్లవాడు ఒడ్డు చేరితే వెలుతురు చూస్తాడని నేనే ఆర్పనివ్వలేదు. ప్లేటు విప్పేశాక బ్యాటరీ ఎంతసేపు వస్తుందన్న ఆలోచన నాకు రాలేదు. మూడో నాడు తిరిగొచ్చేసరికి బ్యాటరీ పూర్తిగా అయిపోయింది. ఫోను చార్జింగ్ అయిపోయి షెల్టర్‌లో ఉండగానే ఆగిపోయింది. మిగతా ఇళ్ళ ప్లేట్లన్నీ గాలికి కొట్టుకుపోయాయి. లంకలో మిగిలింది మాదొక్కటే.

నాలుగో రోజు పొద్దున్నే ఎండ కాసింది. నేను ప్లేటు తీయలేదు. ఇంట్లో చేరిన బురద ఎత్తిపోశాను. తడిసిన బియ్యం చాప మీద ఆరబోశాను.

"అమ్మా, ప్లేటు పైకి ఎక్కిద్దామా?" అంది నా కూతురు పాపియా.

"రేకులు తడిగా ఉన్నాయి. జారితే కాలు విరుగుతుంది."

"అయితే వాకిట్లోనే పెడదాం."

"కోడి ఎక్కి తొక్కుతుంది."

"కోడి తుఫానులోనే పోయింది కదమ్మా."

నేను చాప మీది బియ్యం నెరిపాను. ఫోను వెలగనంతసేపూ నా కొడుక్కి ఏమీ కాలేదు. ఆ మాట పిల్లతో ఎలా చెప్పను?

పొద్దెక్కాక జొరినా వచ్చింది. చీర కొంగున తన ఫోను ముడివేసుకుని ఉంది. ఎప్పుడూ మా ఇంట్లోనే చార్జింగ్ పెట్టుకుంటుంది.

"ఏం వదినా, ఇంత ఎండ కాస్తుంటే ప్లేటు ఇంకా మంచం కిందేనా? పొదగేశావా ఏంటి?"

"వైర్లు తడిశాయే. ఇల్లంటుకుంటుందేమో."

"నీకు భయం లేని పని ఒకటి చెప్పు, అదే చేద్దాం." తర్వాత గొంతు తగ్గించి అంది. "నా మనిషి కూడా ఆ పడవలోనే ఉన్నాడు వదినా."

నేను అడ్డు తప్పుకున్నాను. వాళ్ళిద్దరూ మంచం కింద నుంచి ప్లేటు లాగి, వాకిట్లో గోడకు చేరగిలేసి, వైర్లు కలిపారు. గోడ మీది డబ్బాలో ఎర్ర దీపం వెలిగింది. పాపియా నా ఫోను దానికి తగిలించింది. నేను గుమ్మంలో కూర్చుని వెల్లుల్లి వలవడం మొదలుపెట్టాను. ఎన్ని వలిచానో తెలియదు.

మధ్యాహ్నం నమాజు వేళకు పాపియా ఫోను ఆన్ చేసింది. ఆన్ చేసిన కాసేపటికే మోగింది. తెలియని నంబరు.

"ఎత్తు వదినా," అంది జొరినా.

నేను ఇంకో వెల్లుల్లి తీసుకున్నాను. పాపియా ఎత్తి, అందరికీ వినబడేలా స్పీకర్ పెట్టింది.

"అమ్మా." తౌహిద్ గొంతే. "మూడు రోజుల నుంచి చేస్తున్నా. ఫోను ఎందుకు ఆపేశావు? నాకేం కాలేదు. పడవ మునిగితే వేరే పడవవాళ్ళు నీళ్ళలోంచి తీశారు. ఇక్కడ ఆసుపత్రిలో ఉన్నాం."

"అన్నం తిన్నావా?" అన్నాను. నోటికి అదే వచ్చింది.

"తిన్నా. అమ్మా, జొరినా పిన్ని దగ్గర్లో ఉందా? ఉంటే స్పీకర్ తీసెయ్."

స్పీకర్ ఎవరూ తీయలేదు. వాడు ఇంకా ఏదో అంటున్నాడు, మోనాఫ్ బాబాయి తను పట్టుకుని తేలుతున్న ఖాళీ డబ్బా నాకిచ్చేశాడమ్మా అంటున్నాడు. జొరినా నిలబడే మొత్తం విన్నది. తర్వాత బురదలోనే కూర్చుండిపోయింది. ఏడవలేదు.

నా కొడుకు బతికున్నాడు. సంతోషం ఎక్కడైనా ఉందేమోనని లోపల వెతుక్కున్నాను. ఏమీ దొరకలేదు. ప్లేటు పొద్దున్నే తీసి ఉంటే ఆమెకీ మాట పొద్దున్నే తెలిసేది. నాలుగు గంటలు నేను ఆమె మొగుణ్ణి కూడా బతికించాను, అంతే.

లేచి ఆమె కొంగు ముడి విప్పి ఫోను తీసుకున్నాను. నా ఫోను తీసేసి ఆమెది తగిలించాను. అత్తవారికి ఆమే చెప్పాలి కదా.